మా అమ్మమ్మ రాయని జాబులు

మా అమ్మ వెంకటనర్సమ్మకు చదువు రాదు. మా నాన్న చంద్రమౌళికి తెలుగూ వచ్చు, ఉర్దూ వచ్చు. వాళ్ల కాపురం కూలడానికి ఈ ఒక్క తేడా చాలింది. తాగుడు లేదు, సవతి లేదు, అత్తపోరు అంతకన్నా లేదు.

మేం మేరవాళ్లం. నాన్న సూర్యాపేటలో దర్జీ, అమ్మ పుట్టిల్లు మిర్యాలగూడ. పెళ్లయిన రెండో ఏట, నలభై ఏడు చివర్లో, ఇద్దరూ దేశం విడిచి పోయారు. జగ్గయ్యపేటకు పోయారంటే మీకు నవ్వు రావచ్చు. కోదాడ నుంచి రెండు ఆమడలు కూడా ఉండదు. కానీ అప్పటికది నిజంగానే పరదేశం. ఇవతల నైజాం, అవతల యూనియన్, మధ్యలో సామాన్లు సోదా చేసే కరోడ్‌గిరీ నాకా. రజాకార్ల భయానికి ఊళ్లకు ఊళ్లే అటు దాటుతున్న రోజులవి. నాన్న కుట్టుమిషన్ను బండిలో గడ్డికింద దాచి, పైన అమ్మను కూర్చోబెట్టి దాటించాడు.

"రెండు నెలలు, గంతే. గొడవలు సల్లబడంగనే మళ్లొద్దాం" అన్నాడు. తల్లికి చెప్పి రావడానికి కూడా అమ్మకు వీలు చిక్కలేదు.

జగ్గయ్యపేటలో పద్మమ్మ అనే ఆవిడ ఇంటి వెనక గది కిరాయికి దొరికింది. మొదటి రోజు అమ్మ జొన్నరొట్టె కాలుస్తుంటే పద్మమ్మ వచ్చి చూసి, "అయ్యో, బియ్యం లేకపోతే అడగొద్దూ! నేనివ్వనా ఏవిటి?" అంది. మంచి మనసుతోనే అంది. అమ్మకు మాత్రం ఆ రొట్టె గొంతు దిగలేదు. నోరు తెరిస్తే నవ్వేవాళ్లు. "జర జరుగమ్మా" అంటే నీళ్ల దగ్గర ఆడవాళ్లు ఆ మాటనే పదిసార్లు అని నవ్వుకునేవాళ్లు. అంగట్లో మన నైజాం రూపాయి చెల్లదు. దవాఖాన అంటే తెలియదు, ఆసుపత్రి అనాలి. రైక అనకూడదు, జాకెట్టు అనాలి. అమ్మ అన్నీ నేర్చుకుంది. నాన్న బుట్టచేతులు కుట్టడం నేర్చుకున్నాడు, అమ్మ కాజాలు తీసేది. పని బాగానే దొరికింది. ఆ ఊరు అలవాటైంది కానీ అమ్మకు రోజుకు ఒకసారైనా తల్లి మాట రాకుండా ఉండేది కాదు.

టపా సరిగా నడవదు కనుక జాబులు తులసీరాం అనే తమలపాకుల వ్యాపారి తెచ్చేవాడు. మిర్యాలగూడ నుంచి మా మామ లక్ష్మీనర్సయ్య పంపినవి కోదాడలో తీసుకుని, బజారులో నాన్న దుకాణంలో ఇచ్చిపోయేవాడు. నాన్న ఇంటికి తెచ్చి అమ్మకు చదివి వినిపించేవాడు.

మాఘమాసంలో ఒక జాబు వచ్చింది. అందులో ఏముందో దాచి మిమ్మల్ని ఊరించడం నాకు చేతకాదు. మా అమ్మమ్మ చనిపోయింది. మూడు రోజుల జ్వరం, నాలుగో రోజు ఖతం. చెల్లెను తీసుకుని దినాలకన్నా రమ్మని మామ రాశాడు. అమ్మకప్పుడు ఐదో నెల. నాన్న దుకాణంలోనే చదివి, మడిచి జేబులో పెట్టుకుని, ఇంటికొచ్చి "మీ అమ్మ మంచిగున్నదట" అన్నాడు.

ఆయన భయం నాకు తెలియనిది కాదు. కోదాడ దారిలో బండ్లు ఆపుతున్నారు, మనుషుల్ని దించుతున్నారు. కడుపుతో ఉన్న మనిషి వింటే ఆగదు, బయలుదేరుతుంది. అంతా ఒప్పుకుంటాను. కానీ చెప్పి ఆపొచ్చు కదా? గదిలో పెట్టి గొళ్లెం వేసినా నేను తప్పుపట్టను, చెప్పి వేయాల్సింది.

తల్లి పోతే పెళ్లయిన ఆడపిల్లకు మూడు రోజుల మైల, తలస్నానం. నాన్నకు దేవుడంటే మహా భయం. ఆ సాయంత్రం తానే నీళ్లు కాచి, "తల వేడి తగ్గుతది, కూసో" అని అమ్మ నెత్తిన తన చేత్తో పోశాడు. నూనె అయిపోయిందని మూడు రోజులు దేవుడి దగ్గర దీపం పెట్టనివ్వలేదు. మొగుడు నీళ్లు పోశాడని అమ్మ మురిసిపోయి పద్మమ్మకు చెప్పుకుంది. ఆచారం తప్పకుండా అబద్ధమాడటం మా నాన్నకే చెల్లింది.

ఒక అబద్ధమాడితే ఆగదు కదా. ఆ తర్వాత తులసీరాం ఏ జాబు తెచ్చినా నాన్న అందులోంచి అమ్మమ్మను పలికించేవాడు. అమ్మమ్మ మోకాళ్ల నొప్పులు తగ్గాయి. అమ్మమ్మ పచ్చడి పెట్టింది. అమ్మమ్మ బిడ్డను పైలంగా ఉండమంది. అమ్మ నవ్వుతూ వినేది, జవాబు చెప్పి రాయించేది. నాన్న కలం పట్టుకుని తలాడించేవాడు. మామకు వెళ్లింది మాత్రం ఒక్క ముక్క: రాలేం.

ఏడో నెల వచ్చింది. తొలుసూరు కాన్పు పుట్టింట్లోనే కదా. "అన్నను కోదాడ దాక బండి కట్టుకొని రమ్మని రాయి. అమ్మ కాడికి పోత" అంది అమ్మ. నాన్న పది రోజులు గడిపి ఒక కాగితం విప్పాడు. "బిడ్డా, గిప్పుడు రాకు. ఇల్లు ఇరుకున్నది. గాడనే కను" అని చదివాడు.

అమ్మ నమ్మలేకపోయింది. "మల్ల సదువు" అంది.

మళ్లీ చదివాడు. ఈసారి మాటలు కొంచెం అటూ ఇటూ అయ్యాయి. అమ్మ గమనించింది కూడా. అయినా అక్షరం రాని తాను చదువుకున్నవాణ్ణి ఎట్లా అనుమానించాలని ఊరుకుంది. కోపమంతా తల్లి మీదికి మళ్లింది. కన్నతల్లే వద్దన్నదని పద్మమ్మ ఒళ్లో పడి ఏడ్చింది. జాబు వచ్చినా "నాకు సదవకు" అనడం మొదలుపెట్టింది. నాన్నకు ఆ మాట ఎంత హాయిగా వినపడి ఉంటుందో!

జ్యేష్ఠమాసంలో నేను పుట్టాను. నొప్పుల్లో ఏ ఆడదైనా అమ్మా అని అరుస్తుంది. మా అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఒక రాత్రీ పగలూ పళ్లు బిగబట్టింది. "అరువమ్మా, అమ్మా అని అరిస్తే బరువు దిగుద్ది" అని పద్మమ్మ బతిమాలింది. అరవలేదు. ఈ సంగతి అమ్మ నాకు నలభై ఏళ్ల తర్వాత చెప్పింది.

యూనియన్ పటాలాలు వచ్చాయి, నైజాం పోయింది, దారులు తెరుచుకున్నాయి. దసరా దాటాక నన్నెత్తుకుని తిరుగు ప్రయాణం కట్టారు. కోదాడలో నాన్న "ముందుగాల సూర్యాపేట పోదాం, దుకాణం ఏమైందో" అన్నాడు. అమ్మ వినలేదు. "నా బిడ్డను సూపిచ్చి, ఎందుకు రావద్దన్నవని అడుగుత" అని మిర్యాలగూడ బండి ఎక్కింది. రెండు రోజుల దారి. ఆ రెండు రోజుల్లోనూ నాన్న అసలు సంగతి చెప్పలేదు.

ఇంటి ముందు బండి ఆగితే అమ్మ లోపలికి పోలేదు. తల్లి వచ్చి బతిమాలితే తప్ప గడప తొక్కనని దారి పొడుగునా ఒట్టు పెట్టుకుంది. బయటే నిలబడి, వాడకట్టంతా వినేటట్టు అరిచింది.

"ఏందమ్మా! మనుమరాలు వాకిట్ల నిలవడ్డది. గిప్పుడన్న నీ ఇంట్ల జాగ ఉన్నదా, ఇంక ఇరుకేనా?"

మామ భార్య జంగమ్మ బయటికి వచ్చింది. ఆడవాళ్లు గుమిగూడారు. "తల్లి సస్తె రానిది, ఎనిమిది నెలలకు పంచాయితికొచ్చింది సూడుండ్రి" అంది ఎవరో. మామ గడపలోకొచ్చి, "మూడు జాబులు రాస్తి గద చెల్లె! దినాలకు గూడ రాకపోతివి" అన్నాడు.

అమ్మ నాన్న వైపు తిరిగింది. ఆయన ఎద్దుల మెడలో పలుపు విప్పుతున్నాడు. అందరూ ఆయన్నే చూస్తున్నారు. ఒక్క మాట చెబితే చాలు. ఆయన తల ఎత్తకుండా, "దానికి పాణం బాగలేకుండె. అదే రానన్నది" అన్నాడు.

చావింటికి ఆడబిడ్డ వస్తే ఆడవాళ్లు మెడ పట్టుకుని కలిసి ఏడుస్తారు. మా అమ్మ మెడ ఎవరూ పట్టుకోలేదు. ఆమె నన్ను జంగమ్మత్త చేతికిచ్చి, లోపలికి పోయి, ఖాళీ నులకమంచం పక్కన నేలమీద కూర్చుంది. నాన్న మర్నాడు సూర్యాపేట వెళ్లిపోయాడు.

తీసుకుపోవడానికి మూడుసార్లు వచ్చాడు. మూడోసారి ఎండాకాలం, నాకు ఏడాది నిండబోతోంది. అమ్మ ఎదురుగా వచ్చి కూర్చుంది.

"వాడకట్టును పిలుస్త. జాబులు నువ్వే దాసినవని, నేను రానన్లేదని అందరి ముంగట సెప్పు. సెప్పినంక నీ ఎంబడే వస్త."

"నీ పాణం కోసమే గద నర్సమ్మా చేసింది. నలుగుట్ల నా ఇజ్జత్ తీస్తవా? ఇంట్ల మాట ఇంట్లనే ఉండనియ్" అన్నాడు నాన్న.

అమ్మ లేచి నన్ను చంకనేసుకుంది.

"అయితే పో. నేను సస్తె నీకు జాబు రాయొద్దని మా అన్నకు సెప్పిన. రాసినా నువ్వు నీకు తోచినట్టే సదువుకుంటవు, నర్సమ్మ మంచిగున్నదని."