పొట్టి రెక్క బాతు

దుబాయ్ ఇంటర్నేషనల్ సిటీలో మా అమ్మాయి ఫ్లాటులో కూర్చుని, కొత్త దిండు గలీబు కోసం గళ్ల కాగితం మీద బాతు బొమ్మకు ఇంటూ గుర్తులు పెడుతున్నాను. ఒక్కో గుర్తుకు ఒక కుట్టు. ఒకటి తప్పితే తుడిచాను. ఆ రబ్బరు వాసనకు అమ్మ గుర్తొచ్చింది.

నాకు ఆరేళ్లప్పుడు, అమ్మ మా కాలవలో ఈదే బాతును చూసి, నా లెక్కల పుస్తకం చివర ఇలాగే నమూనా గీసుకుంది. దానికి వారం పట్టింది. పేజీ నిండా ఇంటూలే. బడిలో తప్పు లెక్కకు పంతులుగారు పెట్టే గుర్తు అదే. పాపం, అమ్మకు ఒక్క లెక్కా రాలేదనుకుని తుడవడం మొదలుపెట్టాను. ఒక రెక్క సగం పోయాక అమ్మ చూసింది.

“ఏం చేస్తన్నావే?”

“నీ తప్పులు తుడిచేస్తన్నానమ్మా. నాన్నకి చెప్పన్లే.”

అమ్మ రబ్బరు లాక్కుంది గానీ తిట్టలేదు. రెక్కను మళ్లీ గీయలేదు. మిగిలింది మిగిలినట్టే కుట్టింది. ఎవరడిగినా, “మా పిల్ల దిద్దింది,” అనేది.

పక్క ఫ్లాటు నెల్లూరు ఫాతిమా వచ్చి నా కాగితం చూసింది.

“ఒక రెక్క పొట్టిగా ఉండాదే ఆంటీ. నాలుగు గళ్లు పెంచితే ఖలాస్ గదా.”

“అది దిద్దిన రెక్కేనమ్మా,” అన్నాను.