పెట్టె అడుగున పన్నెండో ఉత్తరం

వై టూ కే పనులు ముమ్మరంగా ఉన్న రోజులు. సింగపూర్‌లో, సెరంగూన్‌లోని ఒక ఫ్లాట్‌లో ఉండేవాణ్ణి. ఆఫీసులో ఈ-మెయిల్ సర్వర్లు చూసుకోవడం నా ఉద్యోగం. రెప్పపాటులో ఉత్తరాన్ని సముద్రం దాటిస్తామని తెగ కోతలు కోసేవాళ్లం.

ఆ ఏడు మా తాత రెండు నెలలు ఉందామని వచ్చాడు. వయసులో ఉండగా ఆయన రైలు స్టేషన్ నుంచి నర్సీపట్నం దాకా టపా జట్కా తోలాడు. దారిలో మజిలీ దగ్గర అలసిన గుర్రాన్ని విప్పి, కొత్తదాన్ని కట్టేవారట. నర్సీపట్నం దాటాక ఘాటీ కొండదారి పైకి బండి ఎక్కదు గనక అక్కణ్ణించి సంచిని గుర్రానికి కట్టి తనే స్వారీ చేసేవాడు. బస్సులొచ్చి ఆ పని ఏనాడో పోయింది. అయినా ఎంఆర్‌టీ రైలు ఆగినప్పుడల్లా "దీనికి నీల్లెక్కడ పెడతార్రా?" అని నన్ను ఆటపట్టించేవాడు. ఇప్పటికీ ఆ రైలెక్కితే ఆ గొంతు గుర్తొచ్చి బెంగగా ఉంటుంది.

అప్పట్లో మాలో ఎవరు ఇండియా వెళ్తున్నా, ముందు ఆదివారం వుడ్‌ల్యాండ్స్‌లోని కూలీల బసలకు వెళ్లి షిప్‌యార్డుల్లో పనిచేసే మనవాళ్ల ఉత్తరాలు తీసుకునేవాళ్లం. ఇండియాలో దిగాక స్టాంపులు అంటించి పోస్టు చేస్తే త్వరగా చేరేవి. తాత రాకముందు నేనూ ఒకసారి పన్నెండు తీసుకెళ్లాను.

తాత ఉండగా ఒక ఆదివారం పొద్దున ఆ ప్రయాణం పెట్టె దులుపుతుంటే, లోపలి గుడ్డ చిరుగులోంచి ఒక కవరు బయటపడింది. పన్నెండోది. పోస్టు చేసేటప్పుడు నేను లెక్క చూసుకోనే లేదు. ఇచ్చిన మనిషి బాగా గుర్తు. పుట్టిన కూతురికి తాను అనుకున్న పేరు రాశానని, బారసాల లోపే అందాలని రెండుసార్లు చెప్పాడు. వాళ్లది కరీంనగర్ దగ్గర పల్లె, అత్తవారింట్లో ఫోన్ లేదు.

అప్పటికి మూడు నెలలు దాటింది. గుట్టుగా పోస్టులో వేసి, తేలు కుట్టిన దొంగలా ఊరుకుందామనుకున్నాను. తాత చూడనే చూశాడు; సంగతంతా చెప్పాల్సొచ్చింది.

"సేరని ఉత్తరముంటే తోలినోడే అది ఇచ్చినోడి గుమ్మంలోకెల్లి సెప్పాల. సెప్పినాకే గుర్రానికి దాణా, మనకి గంజి. మా కాడ అదే పద్దతి."

"ఎవరికీ తెలీదు కదా తాతా."

"నీకు తెలుసు గదేటి. నడు."

కాఫీ కూడా ముట్టకుండా నన్ను రైలెక్కించాడు.

వుడ్‌ల్యాండ్స్‌లో అతను బస ముందు బట్టలు ఆరేస్తున్నాడు. ఉన్నదున్నట్టు చెప్పి కవరు ఇచ్చాను. తిట్టి ఉంటే బాగుండేది. కవరును అటూ ఇటూ తిప్పి చూశాడు.

"పేరు వాళ్లే పెట్టిన్రు సార్. ఆడపిల్లని నాకు ఇష్టం లేదు, అందుకే ఒక్క ముక్క రాయలేదని మా ఆమె అలిగింది. అప్పుడే రాసిన అని మళ్ల ఉత్తరం పెట్టినా నమ్ముతలేదు."

తాత అతని పక్కన కూర్చున్నాడు. "పై వారం నేను ఊరెల్తన్నాను బాబూ. మాది ఇసాపట్నం కాడ. అయితేనేటి, మీ ఊరికి బస్సుంటాది కదా."

అతను కవరు ముడతలు అరచేత్తో సరిచేశాడు. "కొత్తది రాయను తాతా. గిదే ఇయ్యి. లోపల తేదీ ఉన్నది, ఆమె చూస్కుంటది."

అలవాటుగా నేను చెయ్యి చాపాను. అతను నా చెయ్యి దాటించి కవరును తాత చేతిలో పెట్టాడు. అంత సిగ్గు నాకు మళ్లీ ఎప్పుడూ కలగలేదు.