ఎర్రబడని లోహం

మీసం మొలిచిన నాటి నుంచీ ఇనుము పోతపోసే కార్ఖానాలోనే ఉన్నాడు కాబట్టి ఆయన్ని అందరూ దుక్క ఇనుము పేరుతో దుక్క మామ అనేవాళ్లు. మనిషీ పోత ఇనుములాంటివాడే. వేడెక్కడం ఆలస్యం, చల్లారడం ఇంకా ఆలస్యం. కార్ఖానా మూతపడ్డాక ఇంట్లో గోడకి ఆనుకుని కూర్చోవడం మొదలెట్టాడు. తిండి తగ్గింది, మాట తగ్గింది. చూసి చూసి భార్య ఆయన్ని తన తమ్ముడి పనిలోకి పంపింది. ఆ తమ్ముడు తగరంలో కాస్త వేరే లోహం కలిపి సత్తు గ్లాసులు, గిన్నెలు పోస్తాడు.

ఇనుము ముందు సత్తెంత, వెన్నముద్ద, అనుకుని వెళ్లాడు మామ. మొదటి రోజే పప్పులో కాలేశాడు. ఇనుము కాగితే ముందు ఎర్రబడుతుంది, ఆ తర్వాత కళ్లు చెదిరేలా తెల్లబడుతుంది. ఆయన జీవితమంతా ఆ రంగు చూసే పోశాడు. సత్తు మాత్రం ఊరికే కరిగి అద్దంలా మెరుస్తూ కూర్చుంది. రంగు ఇంకా రాలేదేమని మామ మంట పెంచుకుంటూ పోయాడు. చివరికి పైన బూడిదలాంటి తెట్టు కట్టి సగం సరుకు పాడైంది.

"బావా, అది సత్తు. పెళ్లికూతురా, సిగ్గుపడి ఎర్రబడటానికి?" అన్నాడు బావమరిది.

మర్నాడు అచ్చులోంచి తీసిన గ్లాసుని అలవాటు కొద్దీ సుత్తితో తట్టి చూశాడు. బాగున్న ఇనుమైతే ఖంగుమంటుంది. ఇది కిమ్మనకుండా లోపలికి సొట్టపోయింది. బావమరిది కోప్పడలేదు. రేపటి నుంచి కొట్టులో కుర్చీలో కూర్చుని వచ్చేపోయేవాళ్లని చూసుకోమన్నాడు, అంతే. గోడ పోయి కుర్చీ వచ్చిందని మామకి అర్థమైంది. ఆ రాత్రి అన్నం ముట్టలేదు.

పొద్దున్నే భార్య కూడా బయల్దేరింది. ఆవిడ పుట్టి పెరిగింది ఆ సత్తు పొయ్యి పక్కనే. చిన్న కాగితం ముక్క చించి, కరిగిన సత్తులో ముంచి తీసింది. తెల్లగా ఉంటే ఇంకా కాగాలి, మాడిపోతే ఎక్కువ కాగినట్టు, గోధుమరంగు తిరిగితే పోసెయ్యొచ్చు అని చెప్పింది.

"దీనికి మొహంలో ఏం కనపడదయ్యా. మనమే అడిగి తెలుసుకోవాలి."

మామ కాగితం వంక చూశాడు, తర్వాత భార్య వంక.

"నీలాగా," అన్నాడు.

"ఇన్నేళ్లకి తెలిసిందా తమరికి," అని ఆవిడ నవ్వేసింది. నిన్నటి సొట్ట గ్లాసు తీసుకుని లోపల్నుంచి బొటనవేలితో మెల్లగా నొక్కితే, సొట్ట చాలావరకు పైకి లేచింది. పోత ఇనుముకి వంగడం తెలీదు, ఈపాటికి రెండు ముక్కలయ్యేదని మామ ఒప్పుకున్నాడు.

ఆ రోజు కాగితం ఆయనే ముంచాడు. గోధుమరంగు తిరగగానే పోశాడు. గ్లాసు నున్నగా వచ్చింది. బావమరిది దాన్ని వెలుతురులో తిప్పి తిప్పి చూసి, కొట్టులోని కుర్చీ తెచ్చి అక్కకి వేశాడు.

సాయంత్రం ఇద్దరూ నడిచి ఇంటికొస్తున్నారు. ఆవిడ మామూలుగానే నడుస్తోంది, మొహంలో ఏమీ లేదు. సందు మలుపులో మామ ఆగాడు.

"కాళ్లు గానీ నొప్పిగా ఉన్నాయా?"

ఆవిడ కూడా ఆగింది.

"కుడి మోకాలు," అంది. "చాన్నాళ్ల నుంచీ."

మామ చెయ్యి అందించాడు. మిగిలిన దారంతా ఆవిడ నడకలోనే నడిచాడు.