గెడ్డ నడుమ ఆగిన జీపు

డెబ్బైల మధ్యలో నేను ఒక పత్రికకు ఏజెన్సీ కొండల వార్తలు రాసేవాణ్ణి. పాడేరులో ఒక గది అద్దెకు తీసుకుని, బస్సు దొరికితే బస్సులో, దొరక్కపోతే జీపులో, ఏదీ లేకపోతే కాలినడకన తిరిగేవాణ్ణి. ఆ రోజు హుకుంపేట దాటి ఒక కొండ ఊరికి వెళ్ళాలి. అక్కడ కొత్తగా కాఫీ మొక్కలు నాటిన రైతులతో మాట్లాడాలి. మధ్యాహ్నం బస్టాండు దగ్గరికి వెళ్ళేసరికి అటు వెళ్ళే జీపు ఒక్కటే ఉంది. అందులో శవం ఉంది.

చనిపోయినవాడికి ముప్పై ఏళ్ళు దాటి ఉండవు. జ్వరంతో ఆస్పత్రికి వచ్చి, ముందురోజు సాయంత్రం పోయాడు. అతని అన్న, భార్య కలిసి ఊరికి తీసుకెళ్తున్నారు. నేను దిగవలసిన ఊరు వాళ్ళ దారిలోనే ఉంది. రావచ్చా అని అన్నను అడిగాను.

"రా బాబూ. ముందు కూకో. ఎనకాల మేం ఉంటాం" అన్నాడు.

జీపు నడిపేది దాని యజమానే. చోడవరం వైపు నుంచి వచ్చి పాడేరులో స్థిరపడిన మనిషి. ఏదో ఆఫీసువాళ్ళు వాడి వాడి వేలం వేస్తే కొన్న పెట్రోలు జీపు అది. తలుపులు లేవు. హేండిలు తిప్పితే తప్ప లేవదు. "దీన్ని వొదిలించుకున్నోళ్ళు ఆ పూట కొబ్బరికాయ కొట్టుంటారండి" అనేవాడు ఎప్పుడూ. ఆ రోజు మాత్రం ఆ మాట అనలేదు.

వలిసె చేలు పూసే రోజులు. రోడ్డుకు రెండు పక్కలా కొండవాలు పసుపు పూలతో నిండి ఉంది. వెనక సీట్ల మధ్య గొంగడి చుట్టిన శరీరం, దాని పక్కన చిన్న మట్టి మూకుడులో నిప్పులు. చనిపోయినవాడి భార్య అందులో కాస్త కాస్త గుగ్గిలం వేస్తూ పొగ ఆరనివ్వకుండా చూస్తోంది.

కొంత దూరం పోయాక అన్న నా భుజం మీదుగా ముందుకు వంగి డ్రైవరుతో అన్నాడు: "పొద్దు కుంకకముందే ఊళ్ళో ఉండాల బాబూ. సీకటి పడితే శవాన్ని ఊళ్ళోకి రానీరు. పొలిమేర అవతలే ఉంచేయాల, తెల్లారీదాకా. మాయమ్మకి కళ్ళు సరిగా లేవు. ఎలుగులో అయితేనే మొకం సూత్తాది."

"బేగే ఎల్దాం" అన్నాడు డ్రైవరు.

హుకుంపేట దాటి మట్టిరోడ్డు ఎక్కాక మొదటి గెడ్డ వచ్చింది. కల్వర్టు లేదు. మోకాలి లోతు నీళ్ళు, గులకరాళ్ళ మీంచి పారుతున్నాయి. జీపు నీళ్ళలోకి దిగి సగం దాటేసరికి అన్న గట్టిగా కేకేశాడు: "ఆపు! ఆపు బాబూ!"

డ్రైవరు ఉలిక్కిపడి బ్రేకు తొక్కాడు. అన్న నీళ్ళలోకి దిగి, ఎగువకు తిరిగి నిలబడ్డాడు. వాళ్ళ ఊళ్ళో చనిపోయినవాణ్ణి నీళ్ళు దాటించేటప్పుడు, నీళ్ళలో నిలబడి వాడికి చెప్పాలట. చెప్పకపోతే ప్రాణం ఇవతలి ఒడ్డునే ఉండిపోతుందట.

"తమ్ముడా, గెడ్డ దాటతన్నాం. నువ్వూ మాతోటి దాటు. ఇక్కడ ఉండిపోకు. అమ్మ కాసుకోనుంది."

మనిషి అలా పిలుస్తుంటే ఏ డ్రైవరు బండి ముందుకు పోనిస్తాడు? ఇంజను ఆడుతూనే ఉంది. దాని ముందున్న ఫ్యాను నీళ్ళను అందుకుని ఇంజను మీదంతా చిమ్ముతోంది. ఆ సంగతి మేం గమనించలేదు. పిలుపు పూర్తయ్యేలోగా జీపు రెండు సార్లు దగ్గి ఆగిపోయింది.

నలుగురం తోశాం. ఆమె కూడా మూకుడు సీటు మీద పెట్టి, చీర పైకి దోపి, మాతో పాటు తోసింది. అవతలి ఒడ్డు ఎక్కించేసరికి నా చొక్కా తడిసిపోయింది. డ్రైవరు హేండిలు పెట్టి తిప్పాడు. ఇంజను తిరుగుతోంది గాని అంటుకోవడం లేదు.

ఆమె రోడ్డు పక్కన రాయి మీద కూలబడింది. "కోపంతో ఉన్నాడు. ఆస్పత్రికి రానన్నాడు. నేనే లాక్కొచ్చినాను. ఇప్పుడు ఇంటికి రానంతన్నాడు" అంది.

డ్రైవరు హేండిలు పట్టుకునే ఆమె వైపు తిరిగాడు. "తల్లీ, కోపం నీ మొగుడికి కాదు. ఈ ముసల్దానికి. నీళ్ళు మింగింది, కక్కిత్తాను సూడు."

నాకూ ఒకప్పుడు పాత మోటారుసైకిలు ఉండేది. ఈ రోగాలు కొంత తెలుసు. ఇద్దరం బానెట్ ఎత్తి మొదటి నుంచి మొదలుపెట్టాం. పెట్రోలు వస్తోంది. ఒక ప్లగ్గు వైరు ఊడదీసి దాని కొసను ఇంజను ఇనుముకు దగ్గరగా గుడ్డతో పట్టుకున్నాను. అతను హేండిలు తిప్పాడు. రవ్వ రాలేదు. ఇంకో వైరు పట్టుకుని చూశాను. అదీ అంతే.

"కరెంటు రాటం లేదండి" అన్నాడు. వైర్లన్నీ వచ్చి కలిసే నల్లటి మూత విప్పితే అందులోంచి నీళ్ళు కారాయి. తువ్వాలుతో లోపలా బయటా తుడిచి, ఎండలో పెట్టి, మళ్ళీ బిగించాం. ఊహూఁ. మూత కింద కరెంటును తెంచి కలిపే పాయింట్లు చూశాం, పొడిగానే ఉన్నాయి. అన్న జీపు దగ్గర నిలబడి మమ్మల్ని కాకుండా పడమటి కొండను చూస్తున్నాడు. ఎండ అప్పటికే వలిసె చేల కింది సగం వదిలేసింది.

"రవ్వ పుట్టించే కాయిల్ పోయుంటే ఇంతే సంగతులు. పాడేరు పోయి తేవాల" అన్నాడు డ్రైవరు గొంతు తగ్గించి.

"అది కూడా చూసేద్దాం" అన్నాను. కాయిల్ నుంచి మూత నడిమికి వచ్చే లావు వైరు ఊడదీసి ఇనుముకు దగ్గరగా పట్టుకున్నాను. అతను తిప్పాడు. టప్‌మని నీలం రవ్వ దూకింది. మళ్ళీ తిప్పాడు. మళ్ళీ దూకింది.

కాయిల్ బాగానే ఉంది. కరెంటు మూతదాకా వస్తోంది. మూత దాటి ప్లగ్గులకు పోవడం లేదు. డ్రైవరు మూతను ఎండకు ఎత్తి పట్టి, గోరుతో గీకి చూశాడు. నడిమి నుంచి అంచుదాకా వెంట్రుకంత బీట. పాతది. ఎవరో ఎప్పుడో తారు పూసి కప్పేశారు. నీళ్ళు ఆ బీటలోకి దిగాయి. కరెంటు ప్లగ్గుల దాకా పోకుండా ఆ తడి వెంట ఇనుములోకి దిగిపోతోంది.

"మోసం సేసేడండి అమ్మినోడు" అన్నాడు. వెంటనే ఆ సంగతి వదిలేశాడు. కొత్త మూత దొరికే చోటు కాదు. బీటను పూర్తిగా ఆరబెట్టి, మళ్ళీ తడి దిగకుండా దేనితోనైనా పూడ్చాలి. లక్క గాని, కొవ్వొత్తి గాని ఉందేమోనని జీపంతా వెతికాడు. లేదు. అప్పుడు అతని చూపు మూకుడు మీద పడింది.

"అమ్మా, ఆ నిప్పులూ, గుగ్గిలం ఒక ముక్కా ఇయ్యవా?"

ఆమె గుగ్గిలం మూట ఒడిలోకి లాక్కుంది. అది చనిపోయినవాడిది. గోతిదాకా అతని పక్కన పొగ ఉండాలి. ఆమె బావగారి వైపు చూసింది. అతను పడమటి కొండను ఇంకోసారి చూశాడు.

"సగం ఇయ్యి" అన్నాడు చివరికి.

మూతను నిప్పుల సెగకు తిప్పుతూ ఆరబెట్టాం. డ్రైవరు చాకుతో పాత తారు గీకేసి, గుగ్గిలాన్ని ఇనుప చెంచాలో కరిగించి బీట పొడవునా పోశాడు. అది గట్టిపడేదాకా ఊదుతూ కూర్చున్నాం. బిగించి హేండిలు వేస్తే, మూడో తిప్పుకు ఇంజను అందుకుంది. డ్రైవరు బానెట్ దించాడు. అన్న "ఇంకో గెడ్డ ఉంది బాబూ" అన్నాడు.

"తెలుసు" అన్నాడు డ్రైవరు.

రెండో గెడ్డ ఒడ్డున అతను జీపు ఆపి, ఇంజను ఆర్పకుండానే బెల్టు కోసేసి ఫ్యాను తిరగకుండా చేశాడు. నీళ్ళు ఇంజను మీదికి రాకుండా జీపు ముందు భాగానికి గోనెసంచి కట్టాడు. "అన్నా, నువ్వు ముందు నడు. పిలుసుకుంటా నడు. నేను నీ ఎనకాలే ఒత్తాను, ఆపను" అన్నాడు. అన్న నీళ్ళలోకి దిగి, వెనక్కి తిరిగి తమ్ముణ్ణి పిలుస్తూ నడిచాడు. జీపు మనిషి నడకతో అతని వెంట దాటింది. నేను దిగవలసిన ఊరు వచ్చింది గాని దిగలేదు. దిగాలని అనిపించలేదు.

వాళ్ళ ఊరు చేరేసరికి ఎండ ఇళ్ళ కప్పుల మీద మిగిలి ఉంది. బెల్టు లేని ఇంజను కాగి ఆవిరి చిమ్ముతోంది. తల్లిని ఇద్దరు ఆడవాళ్ళు చెరో చెయ్యీ పట్టుకుని తీసుకొచ్చారు. అన్న గొంగడి తొలగించాడు. ఆమె బాగా దగ్గరకు వంగి కొడుకు ముఖం చూసింది. చేత్తో నుదుటి నుంచి గడ్డం దాకా తడిమింది. మళ్ళీ చూసింది. ఏడవలేదు.

డ్రైవరు చెయ్యి తాళం మీదే ఉంది. "ఆపితే మళ్ళీ లేత్తదో లేదో" అన్నాడు నాతో. నిజమే. మేమిద్దరం తిరిగి వెళ్ళాలి.

అన్న మా దగ్గరకు వచ్చాడు. "బాబూ, బండి ఆపెయ్యి. అమ్మ ఏడవాల" అన్నాడు.

డ్రైవరు నా ముఖం కేసి కూడా చూడకుండా తాళం తిప్పేశాడు. చప్పుడు ఆగింది. అప్పుడు తల్లి మొదలుపెట్టింది.