అరవై ఫ్రేముల కోసం ఆపేసిన మెషీన్

2023 వేసవి. రాజమండ్రి దేవీచౌక్ దగ్గర నా కంప్యూటర్ షాపు. పీసీలు బిగించి అమ్మడం, పాడైనవి బాగుచేయడం నా పని. షాపు పెట్టిన కొత్తలో "ఆడవాళ్లు బిగించిన సిస్టమ్ ఎన్నాళ్లుంటుందిలే" అని నా మొహం మీదే అన్నవాళ్లున్నారు. దాంతో నాకో మొండితనం పట్టుకుంది. గోరంత లోపం ఉన్నా ఆ మెషీన్ నా గుమ్మం దాటకూడదు. ఆ మొండితనం చూసుకుని నేను తెగ మురిసిపోయేదాన్ని కూడా.

మే చివర్లో పెద్దాపురం నుంచి ప్రకాశరావు మాస్టారు వచ్చారు. అక్కడి మిషన్ స్కూల్లో లెక్కలు చెబుతారు. ఆయన కూతురు సునీతకి ఇరవై రెండేళ్లు. ఒంట్లో కండరాలు మెల్లగా క్షీణించిపోయే జబ్బు.

"మా అమ్మాయి టీవీకి తగిలించే కన్సోల్ మీద ఓ ఆట ఆడేదమ్మా. సగంలో ఉండగా చేత్తో పట్టుకునే ఆ కంట్రోలర్ బరువైపోయింది. ఇప్పుడు అదే ఆట కంప్యూటర్‌కి వచ్చిందట. కంప్యూటరైతే రెండు వేళ్లతో ఆడుకునేలా బటన్లు మార్చుకోవచ్చంటోంది. నిజమేనాండీ?"

"నిజమే మాస్టారూ. చేతి కింద మౌస్, పక్కనే పెద్ద బటన్లు రెండు పెట్టిస్తాను. కాకపోతే కన్సోల్లో ఆడిందంతా ఇందులోకి రాదు. మళ్లీ మొదట్నుంచీ ఆడుకు రావాలి."

"ఆడుతుందమ్మా. ఆ ఆట చివర ఏమవుతుందో చూడాలని దాని ఆశ. కానీ ఆ రెండు వేళ్లు ఎన్నాళ్లు కదులుతాయో చెప్పలేమన్నారు డాక్టరు గారు."

ఆ మాట విన్నాను. విన్నానే గానీ బుర్రకెక్కించుకోలేదు.

కన్సోల్ ఆటని పీసీకి మార్చడాన్ని పోర్ట్ అంటారు. కన్సోళ్లన్నీ ఒకే తీరున ఉంటాయి కాబట్టి ఆట వాటి కొలతకే తయారవుతుంది. పీసీలు అలా కాదు, ఒక్కోటీ ఒక్కో రకం. షేడర్లని ఉంటాయి, తెరమీద వెలుగూ నీడా ఎలా పడాలో చెప్పే చిన్న ప్రోగ్రాములు. కన్సోల్లో వాటిని ముందే సిద్ధం చేసి ఇస్తారు. పోర్ట్ సరిగ్గా చేయకపోతే పీసీలో అవి ఆట నడుస్తుండగా అప్పటికప్పుడు తయారవుతాయి. అలా తయారైనప్పుడల్లా బొమ్మ అరక్షణం బిగుసుకుపోతుంది. దాన్నే స్టట్టర్ అంటాం.

నాలుగు రోజుల్లో మెషీన్ బిగించేశాను. పెద్ద బటన్లు కూడా అమరిపోయాయి. ఆట పెట్టి చూద్దును కదా, స్టట్టరే స్టట్టర్! సెకనుకు అరవై ఫ్రేములు, అంటే అరవై బొమ్మలు రావాలి. కొత్త గదిలోకి అడుగుపెడితే చాలు, ఇరవైకి పడిపోయేది. డ్రైవర్ సాఫ్ట్‌వేర్ మార్చాను, ర్యామ్ మార్చాను, గ్రాఫిక్స్ కార్డు కూడా మార్చాను. ఊహూఁ. తప్పు మెషీన్‌ది కాదు, పోర్ట్‌ది. ఆట చేసిన కంపెనీవాళ్లు ప్యాచ్, అంటే లోపం దిద్దే చిన్న ప్రోగ్రాము, వదిలితే తప్ప బాగుపడదు.

మాస్టారు వారానికోసారి ఫోన్ చేసేవారు. "అయ్యిందాండీ? ఎలా ఉన్నా ఫర్వాలేదు, ఇచ్చేయండమ్మా అంటోంది మా అమ్మాయి."

మూడోసారి నాకు విసుగొచ్చింది. "సగం ఉడికిన అన్నం వడ్డించమంటారేంటి మాస్టారూ? నా షాపు పేరు పోదూ?"

"అలాగేనమ్మా, మీకు తెలీనిదేముంది" అని పెట్టేశారు. మళ్లీ చేయలేదు.

జూన్ చివర్లో ప్యాచ్ వచ్చింది. ఆట వెన్నలా సాగింది. అరవైకి ఒక్కటి తగ్గలేదు. గెలిచినంత సంబరంగా ఫోన్ చేశాను.

"సంతోషమమ్మా" అన్నారు మాస్టారు. "పోయిన శుక్రవారం నుంచి అమ్మాయి వేళ్లు కదలడం లేదండి. మీరేమో అంత కష్టపడుతున్నారు, ఎలా చెప్పను? అయినా తీసుకురండి. చూస్తానంటోంది."

ఫోన్ పెట్టేసి మెషీన్ సర్దడం మొదలుపెట్టాను.

మర్నాడే మెషీన్ కారులో పెట్టుకుని వెళ్లాను. మరిడమ్మ జాతర రోజులు, ఊళ్లోకి వెళ్లడానికే గంట పట్టింది. సునీత దిండ్లకి ఆనుకుని కూర్చుని ఉంది. సన్నటి పిల్ల, గడుసు కళ్లు. తెర మీద ఆట మొదలవగానే ఆ కళ్లు వెలిగాయి.

"మీరే ఆడండక్కా. నేను దారి చెబుతాను. ముందు ఎడం పక్కకి వెళ్లండి."

నేను ఆటలు టెస్ట్ చేసేదాన్నే గానీ ఏనాడూ ఆడిందాన్ని కాను. గోడలకి గుద్దుకుంటుంటే నవ్వింది. "అబ్బా, అక్కా! పక్కన తలుపుంది కనబడట్లా?"

కాస్త ధైర్యం చేసి అన్నాను. "ఇన్నాళ్లూ ఆపేశానమ్మా. ఆగి ఆగి నడుస్తోందని ఇవ్వలేదు. తప్పు చేశాను."

సునీత తెర మీంచి చూపు తిప్పకుండానే అంది. "ఒక్క బటన్ నొక్కడానికే నాకు అంతసేపు పట్టేదక్కా. మధ్యలో అది ఆగినా నాకు తెలిసేది కూడా కాదు."

వంటింటి గుమ్మంలో నిలబడ్డ మాస్టారు వైపు చూడలేకపోయాను. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం?

ఇప్పుడు ఎవరొచ్చి మెషీన్ అడిగినా, ఏ ప్రాసెసర్, ఎంత ర్యామ్ అని మొదలుపెట్టను. ఎవరికి, ఎప్పటికి కావాలి అనే అడుగుతాను. లోపం ఉంటే ఫలానా లోపం ఉందని చెప్పి ఇచ్చేస్తాను. ప్యాచ్ వచ్చాక ఇంటికెళ్లి వేసివస్తాను. ఆ మెషీన్ ఎలా ఉంటే చాలో చెప్పాల్సింది దాని ముందు కూర్చునేవాళ్లే. నా పంతం కాదు.

ఆ తర్వాత ఐదు ఆదివారాలు పెద్దాపురం వెళ్లాను. సునీత చెప్పింది, నేను నొక్కాను. ఐదో ఆదివారం ఆట పూర్తయింది. "బాగా ఆడారక్కా" అంది.

ఆ ఆట ఆడాల్సింది నేను కాదు.