కప్పెడు కేకు

మా పిన్నికి తక్కువ వండటం చేతకాదు. నర్సింగ్ విద్యార్థుల హాస్టల్లో వంటగది నడిపిన మనిషి. అక్కడ ఉప్పు చెంచాతో కాదు, గుప్పిళ్ళతో వేసేది. ఉద్యోగం మానేశాక కూడా ఇద్దరికని మొదలుపెట్టి పదిమందికి వండేది. మిగిలింది గిన్నెల్లో సర్ది పై అంతస్తులో ఉండే నాకు పంపేది. "పారెయ్యడానికి చేతులు రావే," అనేది. నేనిలా లావయ్యానంటే అందులో సగం పాపం ఆవిడదే.

అలాంటి మనిషి ఒక్క కప్పులో పట్టే వంట నేర్చుకోవలసి వచ్చింది.

బాబాయి బట్టల మిల్లులో బాయిలర్ ఆపరేటర్. ఉద్యోగమంతా ఒక గాజు గొట్టం ముందు కూర్చుని చేశాడు. బాయిలర్ లోపల నీళ్ళు ఎంతవరకున్నాయో ఆ గాజులో కనబడుతుంది. నీళ్ళు తగ్గిన సంగతి చూసుకోకపోతే బాయిలర్ పేలి మనుషులు పోతారు. అందుకని ఆయనకు రెండే సూత్రాలు. కంటికి కనబడనిదాన్ని నమ్మకూడదు. మడ్డి ఎప్పుడూ అడుగునే చేరుతుంది. ఈ రెండోదాన్ని భోజనం దగ్గర కూడా వదల్లేదు. ఏ గిన్నె ముందు పెట్టినా చెంచా అడుగుదాకా దించి, పైకి తీసి చూసుకుని, అప్పుడు తినేవాడు. పెళ్ళయిన కొత్తలో పిన్నికి ఒళ్ళు మండేదట. "నా వంటకి తనిఖీ ఏంటండీ?" అంటే, "వంటకి కాదే, గిన్నెకి," అనేవాడట.

మతిమరుపు జబ్బు వచ్చాక ముందు పేర్లు పోయాయి. తర్వాత దారులు పోయాయి. ఆ తర్వాత నమ్మకం పోయింది. వంటింట్లోంచి వచ్చే ప్రతి కంచంలోనూ ఎవరో ఏదో కలిపారని అనుమానం. పిన్ని బతిమాలేది, కసిరేది, తానొక ముద్ద తిని చూపించేది. "నీ వైపుది మంచిదే ఉంచుకున్నావులే," అని కంచం తోసేసేవాడు. చూస్తుండగానే మనిషి చిక్కి సగమయ్యాడు. ఇలాగే ఉంటే ఆస్పత్రిలో చేర్చి ముక్కులోంచి గొట్టం వేయాలన్నాడు డాక్టరు. గొట్టం పీక్కోకుండా చేతులు మంచానికి కట్టేస్తారట. ఆ కట్టేయడమన్న మాట పిన్ని గుండెల్లో దిగింది. ఎలాగైనా ఆయన నోటితో తినాలి, తన ఇంట్లోనే తినాలి. ఇక ఆవిడకు వేరే ధ్యాస లేదు.

వాళ్ళ హాల్లో భోజనాల బల్ల పక్కన ఒక మైక్రోవేవ్ ఉండేది. ఎవరో బహుమతిగా ఇచ్చింది. పిన్ని దాన్ని బీరువాలా వాడి లోపల బిస్కెట్లు దాచేది. ఒక మధ్యాహ్నం నాకు తీపి తినాలనిపించి, ఆ బిస్కెట్లు బయటికి తీసి, కప్పు కేకు మొదలుపెట్టాను. మైదా, పంచదార, కోకో, చిటికెడు బేకింగ్ పౌడర్, కాసిన్ని పాలు, కొంచెం నూనె. అన్నీ కప్పులోనే కలిపి లోపల పెట్టాను. దీపం వెలిగి పళ్ళెం తిరగసాగింది. కుర్చీలోంచి బాబాయి లేచి వచ్చి ఆ అద్దం తలుపు ముందు నిలబడ్డాడు. పిండి మెల్లగా పొంగింది.

"లెవెల్ పెరుగుతోంది," అన్నాడు. కప్పు అంచు దాకా రాగానే, "చాలు, ఆపు!" అన్నాడు.

ఆపాను. చెంచా అడుగుదాకా దించి, చూసి, నోట్లో పెట్టుకున్నాడు. కప్పంతా తిన్నాడు. పిన్ని నా భుజం పట్టుకుంది. గోళ్ళు దిగాయి, అయినా నేను కదల్లేదు.

తర్వాత ఆవిడ చేయబోతే చూడాలి తమాషా. మొదటిసారి కప్పు నిండా పోసింది, పొంగి పళ్ళెమంతా పారింది. రెండోసారి చెప్పుకి అట్టగా కుట్టించుకోవచ్చు, అంత గట్టిగా వచ్చింది. "ఇదేం వంటే, పిల్లల ఆట!" అని విసుక్కుంటూనే నేర్చుకుంది. గుడ్డు గిలకొట్టి వేసేది, అరటిపండు మెదిపేది, పాలపొడి కలిపేది. ప్రతి డబ్బా ఆయన ముందే తెరిచి చూపించేది. ఆయన తల ఊపితేనే చెంచా కదిలేది. మెల్లగా బాబాయి బుగ్గలు నిండాయి. పిన్ని మళ్ళీ కూనిరాగాలు తీసింది.

ఇక మాత్రల సంగతి. అవి నోట్లో పెడితే ఉమ్మేసేవాడు. అవి లేకపోతే నిద్ర లేదు, తలుపు తోసుకుని రోడ్డు మీదికి పోయేవాడు. వారానికోసారి చూడ్డానికి వచ్చే నర్సు, "పొడి చేసి తినేదాంట్లో కలిపెయ్యండమ్మా, అందరూ చేసేదే," అంది. ఉచిత సలహాకేం, నోరుంటే చాలు. పిన్ని పని అడకత్తెరలో పోకచెక్క అయింది.

చివరికి కలిపింది. పెద్ద గంగాళాల్లో వండిన చెయ్యి కదా. అక్కడ గుప్పెడు ఏదైనా పడినా కలిసిపోతుంది, ఎవరి నాలుకకూ తెలియదు. కప్పు గంగాళం కాదని ఆ చేతికి తోచలేదు. ఆయన ఎక్కడినుంచి తినడం మొదలుపెడతాడో లోకంలో అందరికన్నా బాగా తెలిసిన మనిషి, ఆ ఒక్కరోజు అదీ మరిచింది.

"మైదా డబ్బా ఏదీ?" అన్నాడు బాబాయి.

"అయిపోయిందండీ. ఉన్నది కప్పులో వేసి తెచ్చా."

కేకు మామూలుగానే పొంగింది. చెంచా దించాడు. అడుగున తెల్లటి ముద్ద, కరగని మాత్ర పొడి. నాలుక చివర పెట్టుకుని, పిన్ని ముఖంలోకి చూశాడు. అరవలేదు. అరిచినా బాగుండేది.

"నువ్వా?" అన్నాడు.

అంతే. ఆ తర్వాత ఆవిడ చేతి నీళ్ళు కూడా తాగలేదు. ఆవిడ గదిలో ఉంటే పెదవి విప్పేవాడు కాదు. కప్పు కేకు నేను చేసేదాన్ని. పిన్ని వంటింటి తలుపు వెనక నిలబడి, "పాలు ఇంకో చెంచా పొయ్యవే," అని గుసగుసగా చెప్పేది. మాత్రకు బదులు చర్మానికి అంటించే పట్టీ ఒకటుందని డాక్టరు తాపీగా తర్వాత చెప్పాడు. "ముందే చెబితే మీ సొమ్మేం పోయింది?" అని ఆస్పత్రిలోనే అరిచాను. చేతులు కాలాక ఆకులెందుకు?

ఒక సాయంత్రం పిన్ని ఆ పట్టీలు కొనడానికి వెళ్ళి వానలో చిక్కుకుంది. తల మీద తువ్వాలు కప్పుకుని, వీధి తలుపులోంచి లోపలికి వచ్చింది. నేనప్పుడే కప్పు బల్ల మీద పెట్టాను. ఇక తినడనుకున్నాను. బాబాయి మాత్రం లేచి నిలబడ్డాడు.

"రండమ్మా, రండి. పూర్తిగా తడిసిపోయారే. కూర్చోండి."

వంటింట్లోంచి వచ్చే ఆవిడే శత్రువు. వీధిలోంచి వచ్చినావిడ ఎవరో అతిథి. పిన్ని నా వైపు ఒకసారి చూసి, కుర్చీ అంచున కూర్చుంది. ఆయన చెంచా అడుగుదాకా దించి, చూసి, ఒక ముద్ద తిని, కప్పు ఆవిడ ముందుకు జరిపాడు.

"తినండి, మంచిదే. నా కళ్ళముందే చేసింది ఈ అమ్మాయి." తర్వాత గొంతు తగ్గించాడు. "లోపల ఒకావిడ ఉంటుంది. ఆవిడేం పెట్టినా ముట్టుకోకండి. మందు కలుపుతుంది."

"అయ్యో," అంది పిన్ని.

"మా ఆవిడ రానీండి, ఆ మనిషి పని చెప్తుంది. మా ఆవిడుంటే ఇలా జరగనిచ్చేదే కాదు."

పిన్ని కప్పు చుట్టూ చేతులు పెట్టుకుంది. "మీ ఆవిడ... బాగా చూసుకునేదా?"

"చెయ్యి పెద్దదండీ," అన్నాడు బాబాయి, నవ్వుతూ. "ఇద్దరికని మొదలుపెట్టి పదిమందికి వండుతుంది."

పిన్ని చెంచా అందుకుంది. అడుగుదాకా దించి, పైకి తీసి చూసుకుని, ఆయన చూస్తుండగా నోట్లో పెట్టుకుంది.