కప్పల కచేరీ

"...అంటే ఈ ఆదివారం కూడా చూద్దామేనా? ఆ డబ్బాని అక్కణ్ణుంచి తీసేస్తే బట్టలు మడతపెట్టుకోవడానికైనా చోటు మిగులుతుంది."

"చూద్దామంటే చెయ్యనని కాదు కదా."

"మీ నోట ఆ మాట వస్తే అర్థం అదే. ఈ ఇంట్లో అందరికీ తెలుసు."

వంటగది గుమ్మంలో నిలబడి భార్య దెప్పుతోంది. అతను అప్పటికే బల్ల కింద దూరి, పాత కంప్యూటరు వైర్లు విడదీస్తున్నాడు. పక్కనే పాప గొంతుకూర్చుని ఉంది.

అతను లిఫ్టు మెకానిక్కు. తోటివాళ్లు పేరు పెట్టి పిలవడం ఏనాడో మానేశారు, 'చూద్దాం' అంటారు. లిఫ్టు మధ్యలో ఆగిపోయి లోపలివాళ్లు తలుపులు బాదుతున్నా అతను నెమ్మదిగా సంచి దించి, "చూద్దాం" అంటాడు. ఆ మాట వినగానే జనం కుదుటపడతారు. పని మొదలైందన్నమాట. ఇంట్లో ఆ మాటకు అంత పరువు లేదు. కారే కుళాయి, ఊగే మంచం కోడు, పాప అడిగిన కప్పల ఆట, అన్నీ దాని కిందే ఆగిపోయి ఉన్నాయి.

కంప్యూటరు బావమరిదిది. అతని ఫోటో స్టూడియోలో ఒక మూల ఉండేది. పాప అక్కడికి వెళ్లినప్పుడల్లా అందులో కప్పల ఆట ఆడుకునేది. తామరాకుల మీద కప్పలు బారులు తీరి కూర్చుంటాయి. ఒక్కో మీట నొక్కితే ఒక్కో కప్ప ఒక్కో స్వరంలో అరుస్తుంది. స్టూడియోకు కొత్త యంత్రాలొచ్చాయి. వాటిలో ఆ ఆట తెరుచుకోనే లేదు. "నా మేనకోడలికిచ్చెయ్యండి బావా" అంటూ పాతదాన్ని సీడీతో సహా పంపించేశాడు. స్పీకర్లు మాత్రం పంపలేదు. వచ్చిన యంత్రం ఆన్ కాలేదు.

మూత విప్పితే లోపల దుమ్ము దూదిలా పేరుకుని ఉంది. దులిపి, మెమరీ ముక్కను లాగి, దాని ఇత్తడి రంగు అంచును పాప రబ్బరుతో రుద్దాడు.

"నాన్నా, నా రబ్బరు నల్లగా అయిపోయింది!"

"కొత్తది కొంటాలే."

"అమ్మా, చూద్దామనలేదు!"

"మాట మార్చేలోపు చెప్పులేసుకో, బజారుకెళ్దువుగాని," అంది తల్లి.

ఈసారి తెర వెలిగింది. లోపలి గడియారం ఆగిపోయినట్టుంది, తేదీ ఏనాటిదో చూపించింది.

"అప్పటికి నువ్వింకా పుట్టలేదు," అన్నాడు.

"మరి ఇప్పుడు ఆడేదెవరు?"

సీడీ అర మొరాయిస్తే గుండుసూదితో పొడిచి తెరిచాడు. ఆట మొదలవబోయి ఆగింది. రంగులు ఎక్కువయ్యాయి, తగ్గించమని తెర మీద ఒక గడిలో సందేశం వచ్చింది.

"ముసలిది కదా, రంగులు చూస్తే కళ్లు తిరుగుతాయేమో," అంది భార్య. ఆవిడ కోపం అప్పటికి సగం దిగింది.

రంగులు తగ్గించాడు. తెరంతా వెలిసిన చీరలా అయింది. తర్వాత ఆకుపచ్చని చెరువు, దాని మీద కప్పలు. పాప చప్పట్లు కొట్టింది.

ఇక చప్పుడు. పనిసంచిలోంచి పాత హెడ్‌ఫోను తీశాడు. దానికి ఒక పక్కే పనిచేస్తుంది, ఎడమవైపుది. ముందు తను విన్నాడు. కప్ప బెకబెకమంది. ఏది తగిలించినా కుడిఎడమలు సరిచూడకుండా తగిలించే అలవాటు అతనికి లేదు. గుర్తులు చూసి మరీ పాప తలకు పెట్టాడు.

పాప మీట నొక్కింది. "రావట్లేదు నాన్నా."

తీసి తన చెవికి పెట్టుకున్నాడు. వస్తోంది. మళ్లీ పాపకు పెట్టాడు.

"ఊహూఁ."

పిన్ను లాగి చొక్కా అంచుతో తుడిచి గుచ్చాడు. చప్పుడు పూర్తిగా పెంచాడు. గుమ్మం దగ్గరున్న భార్యకు కూడా కప్ప అరుపు వినిపించింది.

"వేషాలెయ్యకే," అంది ఆవిడ. "ఇన్నాళ్లూ నేను పిలిస్తే పలికేది కాదు. ఇప్పుడు కప్ప పిలిచినా వినదట."

"దూరంగా వస్తోందమ్మా. పక్కింట్లో అరిచినట్టు."

విసుగుపుట్టి పాప హెడ్‌ఫోను తీసి, తనే కుడిఎడమలు తిరగేసి పెట్టుకుంది. మీట నొక్కి "అబ్బా!" అని ఎగిరిపడింది. హెడ్‌ఫోను లాగి ఒళ్లో పడేసింది. "ఇటేమో ఇంత గట్టిగానా!"

అతను నవ్వబోయాడు. నవ్వు సగంలో ఆగిపోయింది.

హెడ్‌ఫోను అందుకుని, చప్పుడు తగ్గించి, పనిచేసే పక్కను మెల్లిగా పాప ఎడమ చెవికి ఆనించాడు. మీట తనే నొక్కాడు. పాప అతని వేలి వంక చూస్తూ కూర్చుంది. ఇంకో మీట నొక్కాడు. పాప అలాగే చూస్తోంది.

"ఎప్పట్నుంచమ్మా?"

"ఏంటి?"

"ఈ చెవి."

"అదా? జ్వరమొచ్చి తగ్గింది కదా, అప్పట్నుంచి. చెవి మూసుకుపోయిందని నీకు చెప్పాగా."

అతనికి గుర్తు రాలేదు. ఎంత తడుముకున్నా రాలేదు.

"నేనేమన్నాను?"

ఇది కూడా అడగాలా అన్నట్టు చూసింది పాప. "చూద్దామన్నావు."

భార్య వచ్చి నేల మీద చతికిలబడింది. పాప చదువుకునే చోటికి పొయ్యి ఎడమవైపున ఉంటుంది. రోజూ అక్కణ్ణుంచే పిలిచేది. పలకకపోతే మొండిఘటమని తిట్టేది. ఒకసారి చెయ్యి కూడా చేసుకుంది. ఇప్పుడా చేతిని కొంగులో చుట్టుకుని, పాప ముఖం వంక కాకుండా చెవి వంకే చూస్తోంది.

"ఏంటమ్మా?" అంది పాప.

తెర మీద కప్పలు నోళ్లు తెరుచుకుని మీట కోసం ఎదురుచూస్తున్నాయి.

అతను స్క్రూడ్రైవరు కింద పెట్టాడు. చేతులకు దుమ్ము అలాగే ఉండగా ఫోను తీసి సూపర్‌వైజరుకు చేశాడు.

"రేపు నేను రావట్లేదండీ."

"అదేంటయ్యా, రేపు లిఫ్టు తాడు మార్చే పని పెట్టుకున్నాం. ఏమొచ్చింది?"

"పాపకి ఒక చెవి వినబడట్లేదు."

"అయ్యో. సరే, రేపటి పని కానివ్వు. ఎల్లుండి సంగతి చూద్దాం."

"లేదండీ. రేపే. పొద్దున్నే డాక్టరుకు చూపిస్తున్నాం."